హంగరీ రెండో డివిజన్ మొదలైంది 1901లోనా, 1926లోనా?

మీరు అడిగింది ఇదీ: ఒక పట్టికలో హంగరీ ఫుట్‌బాల్ రెండో డివిజన్ 1901లో మొదలైందని ఉంది, ఇంకోదాంట్లో 1926 అని ఉంది. రెంటిలోనూ క్లబ్బుల పేర్లకు పొంతన లేదు. ఏది నమ్మాలి?

రెండూ నమ్మండి. రెండూ నిజమే. కాకపోతే అవి రెండూ ఒకే లీగ్ గురించి మాట్లాడటం లేదు. గొడవంతా అక్కడే ఉంది.

ఉద్యోగం పేరుతో బుడాపెస్ట్‌లో ఆరేళ్ళు ఉన్నాను. ఆదివారం వస్తే చిన్న చిన్న మైదానాల చుట్టూ తిరిగేవాణ్ణి, ఇంటికొచ్చి పాత పట్టికలు నోటు పుస్తకంలో ఎక్కించుకునేవాణ్ణి. మొదటి ఏడాది నేను రాసుకున్నదాంట్లో సగం తప్పులే. బుడాపెస్ట్‌లోని ఒకే క్లబ్బుకు రెండు పేర్లయిన ఎంటీకే, హంగారియాలను రెండు వేరే క్లబ్బులనుకుని, ఒకటి మూతపడితే ఇంకొకటి పుట్టిందని రాసేసుకున్నాను. కాబట్టి మీ అయోమయం నాకు కొత్తేం కాదు.

ముందుగా ఉచ్చారణ సంగతి. హంగరీ భాషలో ఎస్ అక్షరాన్ని 'ష్' అని పలుకుతారు, 'స్' కావాలంటే పక్కన జెడ్ కూడా రాయాలి. అందుకే ఊయ్‌పెష్ట్, కిష్‌పెష్ట్, వాషాష్ అని రాస్తున్నాను. మన వ్యాఖ్యాతలు ఉయ్‌పెస్ట్, వసాస్ అంటుంటారు, అదీ ఇదీ ఒకటే. రాజధాని పేరు మాత్రం మనకు అలవాటైనట్టే బుడాపెస్ట్ అని ఉంచేశాను.

ఇక అసలు కథ. 1890ల చివర్లో బుడాపెస్ట్‌లో బంతి తన్నినవాళ్ళెవరూ ఫుట్‌బాల్ కోసం క్లబ్బు పెట్టినవాళ్ళు కారు. బుడాపెస్ట్ టోర్నా క్లబ్, అంటే బీటీసీ, 1885 నాటి వ్యాయామశాల. టోర్నా అంటే జిమ్నాస్టిక్స్. దాని సభ్యుడు రాయ్ ఫెరెంత్స్ జూరిక్ నుంచి ఒక బంతి తెచ్చాడు. దాదాపు అదే కాలంలో లోవెన్‌రోజెన్ కారోయ్ అనే మరొకాయన ఇంగ్లండ్ నుంచి ఇంకో బంతి తెచ్చాడు. ఎవరి బంతి ముందు వచ్చిందన్న వాదన అక్కడి పాత అభిమానుల మధ్య ఇప్పటికీ నడుస్తుంది, మనం దాంట్లో తలదూర్చొద్దు. 1897 మే నెలలో బీటీసీ వాళ్ళు తమలో తామే రెండు జట్లుగా చీలి జనం ముందు ఆడారు.

నాలుగేళ్ళు తిరగకుండానే, 1901 జనవరి 19న, 13 క్లబ్బులు కలిసి హంగరీ ఫుట్‌బాల్ సమాఖ్య పెట్టుకున్నాయి. ఆ ఏడాదే లీగ్ మొదలైంది. మొదటి తరగతిలో ఐదే జట్లు: బీటీసీ వ్యాయామశాలవాళ్ళు, హంగరీ ఈత సంఘంవాళ్ళు, సాంకేతిక విశ్వవిద్యాలయం కుర్రాళ్ళు, బుడాపెస్ట్ స్పోర్ట్ క్లబ్, వీళ్ళతోపాటు ఫెరెంత్స్‌వారోష్ అనే పేట జట్టు. ఈ ఆఖరిది అప్పటికి పుట్టి రెండేళ్ళే. ఈతగాళ్ళ సంఘం దేశ ఫుట్‌బాల్ మొదటి తరగతిలో ఆడిందంటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఆ రోజుల్లో క్రీడ అంటే ఒక సంఘం, సంఘంలో ఎన్ని విభాగాలుంటే అంత గొప్ప. తొలి రెండు టైటిళ్ళూ బీటీసీవే. ఆ తర్వాత దానికి మళ్ళీ ఒక్క టైటిలూ దక్కలేదు.

సమాఖ్యలో 13 క్లబ్బులున్నాయి, మొదటి తరగతిలో ఆడినవి 5. మిగిలినవి, ఆపైన కొత్తగా వచ్చి చేరుతున్నవి ఎక్కడ ఆడాలి? రెండో తరగతి పుట్టిందే అందుకు. అంటే హంగరీలో రెండో డివిజన్ ఎప్పుడో తర్వాత అతికించింది కాదు, మొదటిదానితోపాటే 1901లో వచ్చింది. మీ మొదటి పట్టిక చెప్పేది దీని గురించే.

అయితే దాని పేరు చూసి మోసపోకూడదు. 'నెమ్‌జెటి బాయ్నోక్షాగ్' అంటే జాతీయ ఛాంపియన్‌షిప్. పేరులోనే జాతీయం, ఆడేది మాత్రం బుడాపెస్ట్‌వాళ్ళూ, దాని శివారువాళ్ళూ. సెగెడ్, డెబ్రెట్సెన్, కొలోజ్‌వార్, టెమెష్‌వార్ లాంటి ఊళ్ళలో ఆట బలంగానే ఉండేది, కాని ఆ క్లబ్బులకు వాళ్ళ ప్రాంతాల పోటీలు వేరు. కాబట్టి 1901 నుంచి 1926 దాకా 'రెండో డివిజన్' అంటే దేశంలో రెండో మెట్టు అనుకోకండి. అది బుడాపెస్ట్ నగర లీగ్‌లో రెండో మెట్టు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే పట్టికల్లో సగం చిక్కు విడిపోతుంది. సెగెడ్ క్లబ్బు పాతికేళ్ళు ఎక్కడా కనబడదేమిటని నేను నెలలకొద్దీ వెతికాను. కనబడకపోవడానికి కారణం ఆ జట్టు బలహీనం కావడం కాదు, దానికి ఆ లీగ్‌లోకి రానిచ్చే తలుపే లేదు.

మరి ఆ రెండో తరగతి జట్లు ఎవరు? నాకైతే ఈ చరిత్రలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. ఎందుకంటే పేర్లు చదువుతుంటే ఆ నాటి నగరమంతా కళ్ళ ముందు నడుస్తుంది. మొదటి, రెండో తరగతుల మధ్య ఎక్కుతూ దిగుతూ ఉన్న క్లబ్బుల పేర్లు కొన్ని చూడండి. పోష్టాష్ అంటే తపాలావాళ్ళు. తిపోగ్రాఫియా అంటే అచ్చాఫీసు కార్మికులు. వాణిజ్య ఉద్యోగుల సంఘం, అంటే దుకాణాల్లో, ఆఫీసుల్లో పనిచేసే గుమాస్తాల జట్టు. తొరెక్వేష్ అంటే 'ప్రయత్నం' అని అర్థం, అది కొబాన్య పేటలో రైల్వే వర్క్‌షాపు కార్మికులు 1900లో పెట్టుకున్నది. యూదు యువకులు 1906లో పెట్టుకున్న వీఏసీ. విశ్వవిద్యాలయం విద్యార్థుల బీఈఏసీ. ఇవి కాక పేటల పేర్లతో నడిచినవి: తెరెజ్‌వారోష్ పేటవాళ్ళు, ఓబుడాలోని మూడో వార్డువాళ్ళు. ఆ మూడో వార్డు క్లబ్బుకు ప్రత్యేకంగా పేరేమీ లేదు. 'మూడో కెరులెట్' అనే అంటారు, కెరులెట్ అంటే నగరంలో ఒక వార్డు లాంటిది. పేరు పెట్టే ఓపిక కూడా లేని ఆ క్లబ్బు 1931లో హంగరీ కప్పు గెలిచింది.

హైదరాబాద్ ఫుట్‌బాల్ తెలిసినవాళ్ళకు ఈ పద్ధతి వింతగా అనిపించదు. ఒకప్పుడు రోవర్స్ కప్పును ఏడాది తర్వాత ఏడాది ఎగరేసుకుపోయిన మన జట్టు పేరు సిటీ పోలీస్ కదా. ఉద్యోగం, మైదానం, జట్టు మూడూ ఒకే గూట్లో ఉండటం మనకూ తెలిసిందే.

పైకి వెళ్ళడం, కిందికి రావడం మొదట్లో ఇప్పటంత సూటిగా ఉండేది కాదు. పై తరగతిలో అడుగున ఉన్నవాళ్ళతో కింది తరగతిలో ముందున్నవాళ్ళను ఆడించి తేల్చడం ఉండేది. దాన్ని 'ఒస్తాయోజో' అంటారు, తరగతి తేల్చే మ్యాచ్ అని అర్థం. పై తరగతిలో జట్ల సంఖ్య కూడా తొలి ఏళ్ళలో నిలకడగా ఉండేది కాదు, ఐదుతో మొదలై పెరుగుతూ పోయింది. దీనివల్ల ఒక ఏడాది రెండో తరగతి గెలిచిన జట్టు మరుసటి ఏడాది పైన కనబడకపోవచ్చు, గెలవని జట్టు కనబడవచ్చు. పట్టిక తప్పని తొందరపడి దిద్దకండి. నేను దిద్ది, తర్వాత మళ్ళీ కొట్టేసుకున్నాను.

ఊయ్‌పెష్ట్ కథ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే రెండో తరగతి విలువ ఏమిటో దీనంత బాగా చెప్పేది ఇంకోటి లేదు. ఊయ్‌పెష్ట్ అంటే 'కొత్త పెష్ట్'. డాన్యూబ్ నది ఒడ్డున, బుడాపెస్ట్‌కు ఉత్తరాన ఉన్న ఫ్యాక్టరీల ఊరు. క్లబ్బు 1885 నాటిదే. ఫుట్‌బాల్‌లో 1905లో మొదటి తరగతికి వచ్చింది. 1911లో జారి రెండో తరగతిలో పడింది. 1911-12 సీజన్ అక్కడ ఆడి, గెలిచి, వెంటనే పైకి వచ్చేసింది. ఆ తర్వాత ఇప్పటిదాకా మళ్ళీ కిందికి పోలేదు. రెండు ప్రపంచ యుద్ధాలు, సామ్రాజ్యం కూలడం, కమ్యూనిస్టుల పాలన, అది పోవడం, ఇన్ని జరిగినా ఆ క్లబ్బు మొదటి డివిజన్‌లోనే ఉంది. ఫెరెంత్స్‌వారోష్‌వాళ్ళ దగ్గర ఈ మాట ఎత్తకండి. మైదానంలో ఎప్పుడూ దిగజారని ఆ క్లబ్బును 2006లో డబ్బు లెక్కలు సరిగా లేవని లైసెన్సు ఇవ్వకుండా రెండో డివిజన్‌కు పంపేశారు. తిరిగి పైకి రావడానికి 2009 దాకా పట్టింది. అంటే ఎడతెగకుండా పైనున్న రికార్డు, ఒకసారి కిందికి పోయి వచ్చిన ఊయ్‌పెష్ట్‌దే అయింది.

ఈ ఊరి విషయంలో ఇంకో మెలిక ఉంది. ఊయ్‌పెష్ట్ 1905లో బుడాపెస్ట్ లీగ్‌లోకి వచ్చినా, చట్టం ప్రకారం అది బుడాపెస్ట్ కాదు. వేరే పట్టణం. కిష్‌పెష్ట్, చెపెల్ కూడా అంతే. వీటన్నిటినీ కలిపి మహా బుడాపెస్ట్ చేసింది 1950 జనవరి 1న. ఏడు పట్టణాలు, 16 పెద్ద గ్రామాలు ఒక్కసారిగా రాజధానిలో కలిశాయి. జీహెచ్‌ఎంసీలో శివారు మునిసిపాలిటీలు కలిసినప్పుడు మన దగ్గర జరిగినట్టే, నిన్నటిదాకా పక్క ఊరువాళ్ళు తెల్లారేసరికి నగరవాసులైపోయారు. ఈ సంగతి ముందుముందు ఒకసారి మళ్ళీ అవసరం పడుతుంది, గుర్తుంచుకోండి.

కిష్‌పెష్ట్ క్లబ్బు 1909లో పుట్టింది. వాషాష్ 1911లో ఇనుము, లోహ కార్మికుల యూనియన్ పెట్టుకున్నది. వాష్ అంటే ఇనుము, వాషాష్ అంటే ఇనుప పనివాళ్ళు. రెండూ కింది తరగతుల నుంచి మెట్టు మెట్టూ ఎక్కుతూ యుద్ధం మధ్యలో 1916లో మొదటి తరగతికి చేరాయి. యుద్ధం ఈ ఎక్కడాన్ని ఆపలేదన్నది గమనించండి. 1914 తర్వాత రెండేళ్ళు మామూలు లీగ్ సాగలేదు, దాని స్థానంలో 'యుద్ధకాలపు ఛాంపియన్‌షిప్పులు' అని పొట్టి పోటీలు పెట్టారు. వాటిని అధికారిక టైటిళ్ళలో లెక్కించరు. మీ పట్టికలో 1914కీ 1916కీ మధ్య ఖాళీ కనబడితే అది అచ్చు తప్పు కాదు. ఇక ఆ కిష్‌పెష్ట్ తర్వాతి రోజుల్లో ఏమైందో చెప్పక్కర్లేదేమో. 1949లో సైన్యం దాన్ని తీసుకుని హోన్‌వేద్ అని పేరు పెట్టింది. హంగరీ మహా ఆటగాళ్ళు పుష్కాష్, బోజిక్ ఇద్దరూ ఆ వీధుల పిల్లలే.

పైన ఆధిపత్యం ఎలా ఉండేదో చూస్తే, కిందివాళ్ళ పని ఏమిటో అర్థమవుతుంది. 1903 నుంచి 1929 దాకా టైటిల్ గెలిచినవి రెండే క్లబ్బులు, ఫెరెంత్స్‌వారోష్, ఎంటీకే. మూడో పేరు రావడానికి 1930లో ఊయ్‌పెష్ట్ గెలిచేదాకా ఆగాల్సి వచ్చింది. ఎంటీకే ఒక్కటే వరసగా పది టైటిళ్ళు గెలిచింది, 1914 నుంచి 1925 దాకా, మధ్యలో యుద్ధపు ఖాళీతో కలిపి. మరి ఆ ఆటగాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారు? చిన్న క్లబ్బుల నుంచే. ఎంటీకే మహా ఆటగాడు ఓర్త్ ద్యోర్ద్య్ వాషాష్ నుంచి వచ్చాడు. బార్సిలోనా గోల్‌కీపర్‌గా స్పెయిన్‌లో పేరు మోసిన ప్లాట్కో ఫెరెంత్స్ కూడా వాషాష్‌లో ఆడినవాడే. రైల్వే కార్మికుల తొరెక్వేష్‌లో మొదలుపెట్టిన ఒక కుర్రాడు ఎంటీకేకి, అక్కడినుంచి వియన్నాలోని హకోవాకి వెళ్ళాడు. ఆ తర్వాత కోచ్ అయి 1961, 1962ల్లో పోర్చుగల్ క్లబ్బు బెన్ఫికాకు యూరోపియన్ కప్పు గెలిపించాడు. అతను గుట్‌మన్ బేలా. పెద్ద క్లబ్బుల చరిత్ర చదివేవాళ్ళు ఈ మెట్లను దాటేసి పోతారు. అది అన్యాయమని నా అభిప్రాయం. ఆ రెండో తరగతి లేకుంటే ఎంటీకే పది టైటిళ్ళూ లేవు.

ఇక 1920. యుద్ధంలో ఓడిన హంగరీ ట్రియనాన్ ఒప్పందంతో మూడింట రెండు వంతుల భూభాగం పోగొట్టుకుంది. కొలోజ్‌వార్, టెమెష్‌వార్, నాద్యవారాద్ రొమేనియాకు పోయాయి. పొజోన్య్, కాషా చెకోస్లొవాకియాకు, సబద్కా యుగోస్లావియాకు. బుడాపెస్ట్ బయట ఫుట్‌బాల్ బలంగా ఉన్న ఊళ్ళలో చాలా ఇవే. ఒక్క సంతకంతో ఆ క్లబ్బులన్నీ వేరే దేశాల లీగుల్లో తేలాయి. బుడాపెస్ట్‌కు పోటీ ఇవ్వగల ఊళ్ళుగా సెగెడ్, డెబ్రెట్సెన్, సోంబట్‌హెయ్, మిష్కోల్ట్స్ లాంటివి కొన్నే మిగిలాయి.

ఇప్పుడు మీ రెండో పట్టికకు వద్దాం.

1920ల మొదట్లో హంగరీ ఆటగాళ్ళంతా పేరుకు అమెచ్యూర్లు. నిజానికి చేతికి డబ్బు అందేది, దొంగచాటుగా. ఎవరికో దుకాణం పెట్టించడం, ఎవరికో పని లేని ఉద్యోగం ఇప్పించడం. ఇక్కడ దొరికింది చాలనివాళ్ళు విదేశాలకు వెళ్ళిపోయేవారు. పక్కనే ఆస్ట్రియా 1924లో ప్రొఫెషనల్ లీగ్ పెట్టేసింది. అదే ఏడాది పారిస్ ఒలింపిక్స్‌లో హంగరీ ఈజిప్ట్ చేతిలో 3-0తో ఓడింది. బుడాపెస్ట్ పత్రికలకు, సమాఖ్యకు అది పరువు తక్కువ వ్యవహారం. చివరికి 1926లో హంగరీ కూడా బహిరంగంగా డబ్బిచ్చి ఆడించే లీగ్ పెట్టింది, మొదటి డివిజన్, రెండో డివిజన్ రెండూ. కొన్ని పట్టికలు చరిత్రను ఇక్కడినుంచి మొదలుపెడతాయి, ఎందుకంటే రాజధాని బయటి ఊళ్ళు తొలిసారి ఒకే మెట్ల వరసలోకి వచ్చింది అప్పుడే. నా లెక్కలో 'దేశం రెండో డివిజన్' అనే మాట నిజంగా వర్తించేది 1926 నుంచే. 1901ది మూలం, 1926ది ఆ పేరుకు తగ్గ అసలు రూపం.

పేర్ల గందరగోళమంతా పుట్టింది కూడా ఇక్కడే. క్రీడా సంఘం అమెచ్యూర్‌గానే ఉండాలి, ప్రొఫెషనల్ జట్టు వేరే సంస్థగా ఉండాలి. కాబట్టి కొత్త సంస్థకు కొత్త పేరు. ఎంటీకే ప్రొఫెషనల్ జట్టు హంగారియా అయింది. సెగెడ్‌ది బాష్త్యా, అంటే కోట బురుజు. సోంబట్‌హెయ్‌వాళ్ళు తమ ఊరి రోమన్ కాలపు పేరును బయటికి తీసి సాబారియా అన్నారు. డెబ్రెట్సెన్‌వాళ్ళు 17వ శతాబ్దపు ట్రాన్సిల్వేనియా రాజు పేరుతో బొచ్‌కాయ్ అయ్యారు. మిష్కోల్ట్స్ ఏకంగా హూణుల అట్టిలాను దింపింది. కపోష్‌వార్ తన జిల్లా పేరు షొమొద్య్ పెట్టుకుంది. బుడాపెస్ట్ రెండో డివిజన్‌లో హూషోష్ అని ఒకటుండేది, అంటే 'మాంసంవాళ్ళు', కసాయిల జట్టు. రాజులు, హూణులు, కసాయిలు ఒకే పట్టికలో పక్కపక్కన ఉంటారు, అదో సరదా. వీటిలో చాలా పేర్లు పదేళ్ళు కూడా నిలవలేదు. పాత అమెచ్యూర్ క్లబ్బు మాత్రం పక్కనే వేరే పోటీల్లో ఆడుతూ ఉండేది. అందుకే ఆ కాలంలో ఒకే ఊరికి రెండు పేర్లు, రెండు లీగుల్లో కనబడతాయి. నేను పడిన పొరపాటు అదే.

బొచ్‌కాయ్‌ను ఉదాహరణగా తీసుకోండి. 1926లో పుట్టి రెండో డివిజన్‌లో మొదలై, 1927లో పైకి వెళ్ళి, 1930లో హంగరీ కప్పు గెలిచింది. నాలుగేళ్ళలో. 1901 పద్ధతే కొనసాగి ఉంటే డెబ్రెట్సెన్ క్లబ్బుకు ఈ దారే ఉండేది కాదు. 1940కల్లా డబ్బు లేక బొచ్‌కాయ్ మూతపడింది. ప్రొఫెషనల్ లీగ్ తెచ్చిన కొత్త దారి చాలా క్లబ్బులకు ఇలాగే ముగిసింది. ఊరికి కప్పు తెచ్చిపెట్టడం వేరు, పదిమంది ఆటగాళ్ళకు నెలనెలా జీతం ఇవ్వడం వేరు.

ఇప్పుడు ఇందాక గుర్తుంచుకోమన్న మెలిక. హంగరీ చరిత్ర పుస్తకాలు 'రాజధాని బయటి నుంచి తొలి ఛాంపియన్' అని 1943-44లో గెలిచిన నాద్యవారాద్ ఎన్‌ఏసీని చెబుతాయి. ఈ ఎన్‌ఏసీ 1910లో పుట్టింది, 1920లో ఊరితోపాటు రొమేనియాకు పోయింది, 1940 ఆగస్టులో జర్మనీ, ఇటలీ కలిసి ఇచ్చిన వియన్నా తీర్పుతో ఊరు తిరిగి హంగరీకి వచ్చినప్పుడు హంగరీ లీగుల్లోకి వచ్చింది, నాలుగేళ్ళలోపే ఛాంపియన్ అయింది. యుద్ధం తర్వాత ఊరు మళ్ళీ రొమేనియాకు వెళ్ళింది, అదే క్లబ్బు వేరే పేరుతో 1949లో రొమేనియా ఛాంపియన్ కూడా అయింది. రెండు దేశాల టైటిళ్ళు గెలిచిన క్లబ్బు అది. కాని 'రాజధాని బయటి తొలి ఛాంపియన్' అన్నమాట చట్టం ప్రకారం చూస్తే నిలబడదు. 1930లో గెలిచిన ఊయ్‌పెష్ట్ అప్పటికి వేరే పట్టణమే కదా. 1942, 1943ల్లో గెలిచిన చెపెల్ కూడా 1950 దాకా బుడాపెస్ట్ కాదు. బుడాపెస్ట్‌లో ఈ ముక్క అన్నానంటే ఊయ్‌పెష్ట్ అభిమానులు కాఫీ ఇప్పించేవారు, మిగతావాళ్ళు నా వంక జాలిగా చూసేవారు.

చివరిగా, మీరు పట్టిక తయారు చేస్తానన్నారు కాబట్టి నేను వాడే పద్ధతి చెబుతాను. క్లబ్బుకు ఒక వరస కాదు, రెండు వరసలు పెట్టండి. ఒకదాంట్లో ఊరు లేదా పేట, ఇంకోదాంట్లో ఆ ఏడాదిలో వాడిన పేరు. ఎంటీకే, హంగారియా అప్పుడు ఒకే పేట వరసలో పడతాయి. 1926కి ముందున్న రెండో తరగతిని 'బుడాపెస్ట్' అని, తర్వాతిదాన్ని 'దేశం' అని వేరే రంగులో రాయండి, లేకుంటే సెగెడ్ ఉన్నట్టుండి ఆకాశం నుంచి ఊడిపడినట్టు కనిపిస్తుంది. 1905 దాకా సీజన్ ఒకే క్యాలెండర్ సంవత్సరంలో ముగిసేది, 1906-07 నుంచే శరదృతువులో మొదలై వసంతంలో ముగుస్తుంది. అందుకే పాత ఏళ్ళకు ఒకటే సంఖ్య ఉంటుంది. ఇక 1963లో రెండో డివిజన్ పేరును 'ఎన్‌బీ ఒకటి, బి' అని మార్చారు (ఎన్‌బీ అంటే నెమ్‌జెటి బాయ్నోక్షాగ్), అప్పుడు 'ఎన్‌బీ రెండు' అన్న పేరు మూడో మెట్టుకు పోయింది. పేరు చూసి మెట్టు అనుకోవద్దు.

ఇంకో మాట, ఇది మీరడిగిన దానికి సంబంధం లేదు గాని హైదరాబాద్‌వాణ్ణి కదా, చెప్పకుండా ఉండలేను. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో తొలి రౌండ్‌లో భారత్ ఆడాల్సింది హంగరీతో. 1952 ఒలింపిక్ విజేతలు వాళ్ళు. హంగరీ జట్టు తప్పుకోవడంతో మనవాళ్ళు ఆడకుండానే ముందుకు వెళ్ళి, ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, చివరికి నాలుగో స్థానంలో నిలిచారు. ఆ జట్టు కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్. కిష్‌పెష్ట్ వీధుల్లో పెరిగిన ఆటకు, రహీం సాబ్ తయారు చేసిన ఆటకు మధ్య ఆ రోజు మ్యాచ్ జరిగి ఉంటే ఎలా ఉండేదని ఆలోచిస్తూ బుడాపెస్ట్ ట్రాముల్లో నేను చాలాసార్లు నా స్టాపు దాటిపోయాను.